కోటిలో మొదటి గడి

“మామా, అవ్వకు తగులుకునింది అభాగ్య సంఖ్య. పంచుకునేదానికి కూడా కాదు. నువ్వు పెనుకొండకు రా, నేనూ రైలెక్కుతాండా.”

ధర్మవరం నుంచి పవిత్ర ఫోన్‌లో చెప్పిన మాటలివి. కనీసం నా చెవిలో పడిన మాటలివి. అప్పుడు హిందూపురంలోని నా అచ్చాపీసులో మిషన్ దడదడలాడుతోంది. ఎవరివో వెయ్యి శుభలేఖలు పడుతున్నాయి. ఏం సంఖ్య అని అరిచాను. ఆ పిల్ల మళ్లీ అదే మాట అన్నది, నాకు మళ్లీ అదే మాట వినబడింది. రైలు సిగ్నల్ చూసుకుని కదులుతుంది, ఫోను సిగ్నల్ లేక ఆగుతుంది. లైన్ తెగింది.

నా పేరు ఉలిగప్ప. ఈ పేరు పెట్టుకున్నవాడు ఉలిక్కిపడడం వింతేమీ కాదు. కానీ నేను “అభాగ్య సంఖ్యా?” అని పైకి అనడమే పొరపాటయింది. ఎందుకంటే నా ఎదురుగా బల్ల మీద కూర్చొని ముత్యాలప్ప కాఫీ తాగుతున్నాడు. ముత్యాలప్పది పెనుకొండ. అక్కడి భజన మండలికి పెద్ద, మా సిద్ధమ్మత్తకు పక్కింటివాడు. మరునాటి వేడుకకు నేను అచ్చువేసిన బ్యానర్ తీసుకుపోవడానికి వచ్చాడు. కాఫీ సగంలో వదిలేశాడు. బ్యానర్ చంకలో పెట్టుకున్నాడు. నేను మిషన్ ఆపి తిరిగి చూసేలోపల మనిషి బస్టాండు వైపు మలుపు తిరిగాడు.

ఇక ఆ మాట నాకంటే ముందు పెనుకొండ చేరుతుందని తెలిసిపోయింది.

సిద్ధమ్మత్త మా నాయన యల్లప్పకు చెల్లెలు. ఎనభై ఒకటో ఏడు. పేరుకు తగ్గట్టు దేనికైనా సిద్ధం. పెనుకొండలో కొండ కింద ఇల్లు. ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఒక శ్రీరామనవమి నాడు రామకోటి మొదలుపెట్టింది. అంటే ‘శ్రీరామ’ అని కోటిసార్లు చేత్తో రాయడం. కొండ మీద కోట, కొండ కింద కోటి అని నేను ఎన్నిసార్లు అన్నా ఆమె నవ్వదు. రాస్తున్నప్పుడు నవ్వితే గీత వంకరపోతుందంటుంది.

ఆమె రాసే పుస్తకాలు మా అచ్చాపీసువే. పేజీకి తొమ్మిది నిలువు వరుసలు, పన్నెండు అడ్డం వరుసలు. నూట ఎనిమిది గళ్లు. అట్ట మీద ‘పేజీకి 108 నామములు’ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. రోజుకు తొమ్మిది పేజీల లెక్కన, జ్వరమొచ్చినా జాతరొచ్చినా ఆగకుండా, పుస్తకం తర్వాత పుస్తకం నింపింది. నాలుగు వందల అరవై రెండు పుస్తకాలు రేకు పెట్టెల్లోకి పోయాయి. నాలుగు వందల అరవై మూడోది ఒడిలో ఉంది.

మరునాడు ఆఖరి నామం రాయాలి. బంధువులంతా దిగిపోయారు, పందిరి లేచింది. కానీ ఇంట్లోవాళ్లకు ఆ నామం కన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. అత్త రెండు కళ్లలోనూ పొర ముదిరింది. హిందూపురం డాక్టరు మూడుసార్లు తేదీ ఇచ్చాడు, మూడుసార్లూ ఆమె తప్పించుకుంది. ఆపరేషన్‌లో కన్ను పోతే కోటి నడిమధ్యలో నిలిచిపోతుందని ఆమె భయం. కోటి తర్వాతే కోత అన్నది. ఈసారి డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఈ నెల దాటితే చూపుకు తాను హామీ ఇవ్వలేనని చెప్పాడు. ఈసారి ఇచ్చిన తేదీకి ఇంకా పదమూడు రోజులుంది.

పవిత్ర అత్తకు మనవరాలు, ధర్మవరంలో లెక్కల టీచరు. మగ్గాల ఇళ్ల పిల్లలకు పోగులతో గుణకారాలు నేర్పుతుంది. ఆఖరి నామం ఏ గడిలో పడాలో లెక్కగట్టమని అవ్వ ఆమెకే చెప్పింది. పోయిన వారం ఆ పిల్ల లెక్కగట్టి మాకందరికీ ఒక షాకు ఇచ్చింది. కోటిని నూట ఎనిమిదితో ఎంత భాగించినా శేషం లేకుండా పోదట. కోటి అంటే రెండును ఏడుసార్లు, ఐదును ఏడుసార్లు వేసి గుణించినదట. రెళ్లు, ఐదులు తప్ప అందులో ఇంకేమీ లేవు. నూట ఎనిమిదిలో మూడు ఉంది, కోటిలో మూడు లేదు. ముత్యాలప్ప నమ్మలేదు. అంత పెద్ద సంఖ్యలో ఒక మూడు కూడా లేకుండా ఎట్లుంటుందని వాదించాడు. ముక్కోటిలో ఉంటుందిలే, కోటిలో ఉండదు అని నేను సర్దిచెప్పాను.

కాబట్టి కోటి పేజీ చివర ముగియదు. తొంభై రెండు వేల ఐదు వందల తొంభై మూడో పేజీలో, అరవై నాలుగో గడిలో ముగుస్తుంది. పవిత్ర ఇంకొకటి కూడా చెప్పింది. కోటిని శేషం లేకుండా భాగించే సంఖ్యలు మొత్తం అరవై నాలుగేనట. అరవై నాలుగు భాజకాలు, అరవై నాలుగో గడి. ఇంకేముంది, భజన మండలి మొత్తం అరవై నాలుగు కళలూ కోటిలోనే ఉన్నాయని ఒకటే సంబరం. అత్త అరవై మూడో గడి దాకా నింపి, అరవై నాలుగో గడిని రేపటికి ఖాళీగా ఉంచింది.

ఆ సంబరం పోయిన వారంది. ఈ పూట నేను బండి మీద పెనుకొండ చేరేసరికి ఇంటి ముందు పందిరికి కట్టిన పూలదండలు సగం దించేసి ఉన్నాయి. ముత్యాలప్ప పందిరి నడుమ నిలబడి విషయం వివరిస్తున్నాడు. ఒకటి పక్కన ఏడు సున్నాలట. ఆ ఒకటి ఒంటరిదట. ఏడు సున్నాలంటే ఏడుపు సున్నాలట. ఇన్నాళ్లూ ఎవరికీ తోచలేదట, లెక్కల టీచరు కాబట్టి కనిపెట్టిందట. శాంతి చేయిస్తే తప్ప ఆఖరి నామం రాయరాదని పంతులుకు కబురు పంపేశాడు. దోషం తనవల్లనే ఊళ్లోకి వచ్చింది కాబట్టి పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదని చెప్పుకుంటున్నాడు. పొద్దుటి కాఫీ సంగతి నేను ఎత్తలేదు.

ఆడవాళ్లు కళ్లు ఒత్తుకుంటున్నారు. లోపల సిద్ధమ్మత్త మాత్రం కిటికీ కింద చాప మీద కూర్చొని, భూతద్దం తుడుచుకుంటోంది.

“ఏమబ్బా ఉలిగా, నా సంఖ్య అభాగ్యమంట కదా.”

నాకు తెలియదన్నాను. పవిత్ర వచ్చి చెబుతుందన్నాను.

“అభాగ్యమో, భాగ్యమో. రేపు ఒక్క నామం రాసేది ఉండాది. రాసి నీ డాక్టరు కాడికి వస్తా. ఆ పొద్దుకు కన్ను పోయినా పర్వాల్యా.”

ఈ మాట ఆమె మామూలుగానే అన్నది. నేనే గోడ వైపు తిరగాల్సి వచ్చింది.

పవిత్ర స్టేషన్ నుంచి ఆటోలో వచ్చింది. పందిరి వైపు గాని, దించిన దండల వైపు గాని చూడలేదు. చెప్పులు కూడా విప్పకుండా గడప దాకా వచ్చి, గుర్తొచ్చి విప్పింది. నేరుగా అవ్వ ముందు కూర్చుంది. వెనకాలే జనమంతా గదిలోకి తోసుకొచ్చారు.

రేపు అవ్వ చెయ్యి ఏ గడిలో పడాలో పెన్సిల్ గుర్తు పెట్టడానికి నిన్న ఆ పేజీ ఫోటో పంపించమని అడిగిందట. ఫోటోలో గళ్లు లెక్కపెట్టుకుంటూ పోయి అరవై నాలుగు మీద గుర్తు పెట్టిందట. పెట్టాక మళ్లీ మొదటి గడి చూసిందట.

“అవ్వా, ఈ మొదటి గడిలో పేరు నువ్వు రాసిందేనా?”

అత్త భూతద్దం పెట్టి చూసే అవసరం కూడా లేదు. “యాడమ్మా. అది అచ్చులో వచ్చేది. ప్రతి పేజీలో మొదటి గడిలో శ్రీరామ అని అచ్చేసి ఉంటాది. దాన్ని చూసుకుని నేను రెండో గడి నుంచి రాస్తా.”

“ప్రతి పేజీలోనా?”

“ప్రతి పేజీలోనూ.”

ఆ మాట అంటూనే అత్త భూతద్దం పక్కన పెట్టేసింది. గదిలో ఫ్యాను తిరుగుతోంది, ఇంకేదీ కదలడం లేదు. నాకు మాత్రం కాళ్ల కింద నేల కదిలింది. ఎందుకంటే ఆ గడి నాది.

అది మా నాయన పెట్టిన పద్ధతి. బడిలో పలక పైన అయ్యవారు ఒక వరుస రాసిచ్చి, దాన్ని చూసి దిద్దమన్నట్టు, రాసేవాళ్ల చెయ్యి కుదురుకోవడానికి మొదటి గడిలో ఒక నామం అచ్చువేసేవాడు. నాయన పోయాక నేను మిషన్ మార్చాను, కాగితం మార్చాను, ఆ గడిని మార్చలేదు. అట్ట మీద మాట కూడా మార్చలేదు. అట్ట మీద అట్ల, అట్ట లోపల ఇట్ల. రాయాల్సినవి నూట ఏడు. అట్ట నూట ఎనిమిది అని అబద్ధం చెబుతుంటే, ఇరవై ఎనిమిదేళ్లు ఆమె ఆ అట్టను నమ్మి పేజీలు లెక్కపెట్టింది.

పవిత్ర చాలా మెల్లగా చెప్పింది.

“పేజీకి ఒకటి పోయిందవ్వా. తొంభై రెండు వేల ఐదు వందల తొంభై మూడు పేజీలు. రేపు నువ్వు రాసేది కోటో నామం కాదు. తొంభై తొమ్మిది లక్షల ఏడు వేల నాలుగు వందల ఏడోది. ఇంకా తొంభై రెండు వేల ఐదు వందల తొంభై మూడు తక్కువ ఉండాది.”

అంతవరకు దోషమని ఏడుస్తున్నవాళ్లు ఏడుపు ఆపేశారు. దోషానికి శాంతి ఉంటుంది, తీసివేతకు ఏముంటుంది? ఎవరో చేతిలోని స్టీలు గ్లాసు జారవిడిచారు. అది గుండ్రంగా తిరిగి తిరిగి ఆగేదాకా అందరం దాన్నే చూశాం.

ముందుగా తేరుకున్నది ముత్యాలప్ప. అచ్చులో ఉన్నా అది రామనామమే కదా, లెక్కలో వేసుకుంటే ఏమి అన్నాడు. అందరూ ఆశగా అత్త వైపు చూశారు.

“వేసుకోవచ్చప్పా. కానీ ఎవరి లెక్కలో? రాసింది మిషను. అయితే ఉలిగప్ప మిషను మోక్షానికి పోతాది. నేను ఈడనే ఉంటా.”

ఆ తర్వాత ఆమె పుస్తకం ఒళ్లోకి లాక్కుని, అరవై నాలుగో గడి వెతుక్కుని, వేడుకా లేదు ముహూర్తమూ లేదు, ఆ ఒక్క నామం రాసేసి, పెన్ను పట్టుకునే కూర్చుంది. ఇప్పుడు చెయ్యి వణుకుతుంది కాబట్టి రోజుకు ఏడు వందల కన్నా కుదరదట. డాక్టరును ఐదు నెలలు ఆగమని చెప్పాలట. ఆ మాట చెప్పాల్సింది నేనేనట.

పవిత్ర నా వైపు చూసింది. నేను డాక్టరు మాట ఆ పిల్లకు ముందే చెప్పి ఉన్నాను. ఐదు నెలల తర్వాత కోటి ఉంటుంది, చూడడానికి కన్ను ఉండదు.

నేను వరండాలోకి పోయి మా అచ్చాపీసుకు ఫోన్ చేశాను. ఎస్తేరమ్మ ఎత్తింది. పుస్తకాలు కుట్టేది ఆమే. నాయన కాలంలో పద్దెనిమిదేళ్ల పిల్లగా చేరింది, ఇప్పుడు అచ్చాపీసులో నాకన్నా ఆమె మాటే చెల్లుతుంది. మొదటి గడి సంగతి చెప్పి, ఇంకొక్క కాగితం కూడా ఆ గడితో పడకూడదని చెప్పాను. ఎస్తేరమ్మ, ఆ శ్రీరామ అచ్చుకు చేయించిన పాత బ్లాకు తన బిస్కెట్ డబ్బాలోనే ఉందని, తీసుకుని వస్తున్నానని అన్నది. బ్లాకుతో ఇప్పుడేం పని అని నేను అడిగేలోపల పెట్టేసింది.

లోపలికి వచ్చేసరికి బేరం మొదలయింది. తక్కువ పడినవి తలాకొంచెం పంచుకుని రాస్తామని బంధువులంతా అత్తను బతిమాలుతున్నారు. ఊళ్లల్లో పదిమంది కలిసి కోటి రాయడం లేదా, ఆపరేషన్ లోపల ముగించేద్దామని. అత్త చాలాసేపు వినలేదు. చివరికి పెన్ను మూతపెట్టి, సరే అన్నది, ఒక షరతు పెట్టింది.

“అందరికీ సమానంగా రావాల. ఒకరికి ఒక్కటి ఎక్కువ గాని, తక్కువ గాని కారాదు. రొద్దంలో మా నాయన చేను పంచినప్పుడు ఒక గట్టు ఎవరి పక్కకు పోవాలని మా అన్నదమ్ములు పదేళ్లు మాట్లాడుకోల్యా. రామునికి అట్ల పంచితే అది కోటి కాదు, కొట్లాట.”

ఇంతేనా అనుకున్నారు అందరూ. పవిత్ర మాత్రం తల పట్టుకుంది. అవ్వ ఇట్లాంటిదేదో అంటుందని ఆ పిల్ల రైలెక్కే ముందే ఊహించింది. అందుకే ఆ సంఖ్యను రాత్రి నుంచి పొద్దుటి దాకా అటు కోసి ఇటు కోసి చూసిందట.

ఏడుమందికి పంచమన్నాడు ముత్యాలప్ప. నాలుగు మిగులుతాయన్నది. తొమ్మిదిమందికి అన్నారు. ఒకటి మిగులుతుంది. పదకొండుకు ఆరు. పదమూడుకు ఏడు. మడకశిర నుంచి వచ్చిన బంధువొకాయన కన్నడంలోనూ తెలుగులోనూ కలిపి పదిహేడు అన్నాడు. రెండు భాషల్లోనూ పదకొండు మిగిలాయి. ఎంతమందికి పంచినా శేషం వస్తుందని పవిత్ర చెప్పింది. ఒక్కరే మొత్తం రాయాలి, లేదా తొంభై రెండు వేల ఐదు వందల తొంభై మూడుమంది తలా ఒకటి రాయాలి. నడుమ దారి లేదు.

ఇంత పెద్ద సంఖ్య, ఇంతమంది జనం, ఎవరికీ తెగకుండా రాయిలా కూర్చుంది. దేనికీ లొంగని సంఖ్య ఒకటి ఉందని, అది నా అచ్చులోంచే పుట్టిందని తెలిశాక నా మాటల గారడీ ఎక్కడికి పోయిందో కనబడలేదు.

పన్నెండుమందికి పంచితే ఎంత మిగులుతుందని ముత్యాలప్ప అడిగాడు. ఒకటి అన్నది పవిత్ర. ఆ ఒక్కటి నేను రాస్తానన్నాడు. పక్కనే ఉన్న అత్త మరిది, నువ్వెందుకు, ఇంటివాణ్ణి నేను రాస్తానన్నాడు. భజన మండలి తరఫున నేనని ముత్యాలప్ప. వరసలో పెద్దను నేనని ఆయన. రెండు నిమిషాల్లో ఒక్క నామం కోసం ఇద్దరు పెద్దమనుషులు బ్యానర్ కట్టెకు చెరోవైపు పట్టుకుని నిలబడ్డారు.

“చూసినావామ్మా,” అన్నది అత్త పవిత్రతో. “ఒక్కదానికే.” మళ్లీ పెన్ను మూత తీసింది.

ఎస్తేరమ్మ అప్పుడు వచ్చింది. బస్సు దిగి నడిచి వచ్చిన ఆయాసం. చేతిలో తుప్పు పట్టిన బిస్కెట్ డబ్బా. ఎవరినీ పలకరించకుండా మూత తీసి, ఒక కాగితం పొట్లం విప్పింది. లోపల కొయ్య మీద బిగించిన చిన్న రేకు బ్లాకు, దాని మీద తిరగేసిన అక్షరాల్లో శ్రీరామ. నేను దాన్ని చూసి ముప్పయ్యేళ్లయింది. ఎస్తేరమ్మ మాత్రం బ్లాకును పక్కన పెట్టి, దానికి చుట్టిన కాగితాన్ని అత్తకు ఇచ్చింది.

పసుపు పట్టిన తెల్ల కాగితం. దాని మీద నల్ల సిరాతో శుభలేఖల్లో వచ్చే మాటలు వరసగా రాసి ఉన్నాయి. శ్రీరస్తు, శుభమస్తు, కళ్యాణమస్తు. నడుమ ఒకచోట శ్రీరామ. దాని చుట్టూ నాయన ఎర్ర పెన్సిల్‌తో గీసిన చదరం. కింద నాయన రాత, నాకు బాగా తెలిసిన రాత: ‘అక్షరాలు మా సిద్ధమ్మవి. బ్లాకు చేయించాల.’

అత్త భూతద్దం కింద కాగితం పెట్టింది. శ్రీ దగ్గర ఆగింది. ఆ శ్రీ చివర తోక కొంచెం పైకి లేచి లోపలికి తిరుగుతుంది. ఆమె వేలు ఆ తోక మీద మెల్లగా పోయింది.

“ఈ తోక మా అమ్మ నేర్పించింది,” అన్నది.

ఎస్తేరమ్మ చెప్పింది. పెళ్లి కార్డుల కోసమని ఎప్పుడో నాయన చెల్లెలి చేత ఆ మాటలు రాయించుకున్నాడట. తర్వాత రామకోటి పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు మద్రాసు ఆర్టిస్టు అక్షరాలు నచ్చక, ఇంట్లో ఉన్నదే మేలని ఈ కాగితంలోంచి బ్లాకు చేయించాడట. చెల్లెలికి చెబితే సిగ్గుపడి వద్దంటుందని చెప్పలేదట. బ్లాకు వచ్చిన రోజు కాగితం పారేయబోతే, పారేయవద్దు, దీనికే చుట్టిపెట్టు అని ఎస్తేరమ్మకు ఇచ్చాడట.

అంటే ఇరవై ఎనిమిదేళ్లుగా, రోజుకు తొమ్మిదిసార్లు, ఆ మొదటి గడి చూసి అత్త దిద్దుకున్నది తన చేతిరాతనే. ఎవరో గొప్ప ఆర్టిస్టు రాతకు తన రాత ఎప్పటికి సమానమవుతుందా అని తంటాలు పడిందట. ఒకసారి నాతో ఆ మాట అన్నది కూడా. నేను జోకు వేసి తప్పించుకున్నాను.

ముత్యాలప్ప మెల్లగా అన్నాడు. అట్లయితే అచ్చులోవన్నీ అమ్మవే కదా, కోటి అయిపోయినట్లే కదా అని. గదిలో అందరి ఊపిరి ఒక్కసారి లోపలికి పోయింది. నాది కూడా.

అత్త తల అడ్డంగా ఆడించింది.

“నేను రాసింది ఒక్కసారి. అచ్చేసింది మా అన్న. ఒకటి అసలు, తక్కినవి నకళ్లు. ఒక్కటి మాత్రం నాదే. మొదటి పుస్తకంలో మొదటి పేజీలో మొదటి గడి, అది నేను రాసింది. దాన్ని లెక్కలో వేయి పవిత్రా. తక్కినవి వేయవద్దు.”

పవిత్ర ఆహ్వాన పత్రిక ఒకటి తిరగేసి వెనకవైపు రాసింది. తొంభై రెండు వేల ఐదు వందల తొంభై రెండు. అంతే, పెన్సిల్ అక్కడే ఆగిపోయింది. తర్వాత పరుగెత్తింది. రెండుతో తెగింది. మళ్లీ రెండుతో తెగింది. మళ్లీ, మళ్లీ. మూడుతో తెగింది. ఇంకో మూడుతో తెగింది. ఒక్కటి తీయగానే ఆ రాయి ఎట్లా పగిలిందో చెప్పలేను. రాత్రంతా పోరాడిన సంఖ్య పక్కనే, ఒక్క అడుగు దూరంలో, ఇన్ని ముక్కలయ్యే సంఖ్య కూర్చొని ఉందని ఆ పిల్లకు కూడా తట్టలేదట. కాగితం మీద చేతులు పెట్టుకుని, నవ్వాలో ఏడవాలో తెలియక మా వైపు చూసింది.

“నూట నలభై నాలుగును ఆరు వందల నలభై మూడుతో గుణిస్తే వస్తుందవ్వా. పన్నెండుమంది, పన్నెండు రోజులు. రోజుకు మనిషికి ఆరు వందల నలభై మూడు. శేషం సున్నా.”

“పదమూడో రోజు?” అన్నాను నేను.

“పదమూడో రోజు ఆసుపత్రి.”

అత్త వేళ్ల మీద మనుషులను లెక్కపెట్టింది. తను, పవిత్ర, నేను, ముత్యాలప్ప, ఆయనతో కట్టె లాక్కున్న మరిది, మడకశిర బంధువు, ఇంకా ఆరుగురు. ఎస్తేరమ్మ, రాయడం మీది, కుట్టడం నాది అని ముందే చెప్పేసింది. కొత్త కాగితాలు నేను అచ్చువేయాలి. మొదటి గడి ఖాళీగా ఉండాలి. అది అత్త ఆజ్ఞ. అంతేకాదు, నా వాటా నేను మిషన్ మీద కాకుండా చేత్తోనే రాయాలి. నా చేతిరాత ఎట్లుంటుందో రామునికి ఇంతవరకు తెలియదు. తెలిశాక ఆయన ఏమనుకుంటాడో నాకు తెలియదు.

జనమంతా ఒక్కసారి మాట్లాడడం మొదలుపెట్టారు. దండలు మళ్లీ కట్టడానికి ఒకాయన నిచ్చెన ఎక్కాడు. అప్పుడు ముత్యాలప్ప చెయ్యి ఎత్తి అందరినీ ఆపాడు.

“అంతా బాగుండాది. కానీ అభాగ్యం మాటేమి? దోషం అట్లనే ఉండె కదా. పంతులు వస్తాండాడు.”

పవిత్ర కనుబొమలు పైకి పోయాయి. “అభాగ్యమా? ఎవరన్నారు?”

అందరూ ముత్యాలప్పను చూశారు. ముత్యాలప్ప నన్ను చూశాడు. నేను చూడడానికి ఎవరూ మిగల్లేదు కాబట్టి పవిత్రనే చూశాను. నువ్వే కదమ్మా ఫోన్‌లో అన్నావు అన్నాను.

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అదే ఆహ్వాన పత్రిక మీద, లెక్క కింద, రెండు మాటలు పెద్దగా రాసి అందరికీ కనబడేలా పట్టుకుంది. ఒకటి అభాగ్యం. రెండోది అభాజ్యం.

“నేను అన్నది ఇది. అభాజ్య సంఖ్య. అంటే భాగించేదానికి కానిది. తనతో, ఒకటితో తప్ప దేనితోనూ తెగనిది. తక్కువ పడిన తొంభై రెండు వేల ఐదు వందల తొంభై మూడు అట్లాంటిది. అందుకే పంచేదానికి కాదన్నా. దోషమూ లేదు, శాపమూ లేదు. మామ మిషన్ మోతలో జ కాస్తా గ అయింది.”

గది మొత్తం నా వైపు తిరిగింది. ఇరవై ఎనిమిదేళ్లు ఒక గడి, ఇరవై ఎనిమిది సెకన్ల ఫోన్‌లో ఒక అక్షరం. తప్పింది హల్లు, పేరు మాత్రం అచ్చుతప్పు అని నేను గొణిగాను. ఈసారి అత్త నవ్వింది. చేతిలో పెన్ను లేదు కాబట్టి.

ముత్యాలప్ప మాత్రం ఇంకా ఆ రెండు మాటలనూ మార్చి మార్చి చదువుతున్నాడు.

“అట్లయితే పొద్దుటి నుంచి నేను ఉపవాసం ఉండాది దేనికి?”

“దేనికీ కాదప్పా,” అన్నది అత్త. “అది ఏ లెక్కలోకీ రాదు. పంతులుకు వద్దని ఫోన్ చెయ్యి. మిషన్ కాడ నుంచి చేయవద్దు. చేసి, అన్నం తిని, రాసేదానికి కూర్చో. నీ వాటా ఆరు వందల నలభై మూడు.”